జానెడు మట్టి: గుట్టవాలు రాతినేలలు

గ్రామపెద్దలారా! భూమి యనగానే మనకు పొలము జ్ఞప్తికి వచ్చును. పొలమనగా చెఱువు క్రింది వరిమడియో, చల్కలోని మక్కచేనో, పడమటి ప్రాంతముల నల్లరేగడియో మనసున మెదలును. ఊరి వెలుపల గుట్టవాలున, రాళ్ళ నడుమ, జానెడు లోతున గరపమట్టి గల నేలను మాత్రము ఎవ్వరును తలపరు. అడిగినచో “అది రాళ్ళగడ్డ, అందేమున్నది?” అందురు. నేటి ప్రసంగమునకు ఆ రాళ్ళగడ్డయే విషయము. ఊరి చెఱువున నిలుచు నీరు, బావిలో ఊఱు నీరు, మేకకును గొఱ్ఱెకును దొరకు మేత, బతుకమ్మలో పేర్చు తంగేడు, ఇవన్నియు ఆ నేల క్షేమముపై ఆధారపడియున్నవి. అది చెడిన తరువాత పల్లపు పొలము చాలకాలము బాగుండజాలదు.

తూప్రాన్ పట్టణము హైదరాబాదునకు ఉత్తరముగా సుమారు 50 కిలోమీటర్ల దూరమున, నాగపూరునకు పోవు రాజమార్గముపై నున్నది. దీని చేరువనే హల్దీవాగు పాఱి మంజీరలో కలియును; మంజీర గోదావరిలో కలియును. ఈ ప్రాంతమున సాలునకు సగటున 800 మొదలు 900 మిల్లీమీటర్ల వరకు వాన కురియును. అంకెను చూచిన అది తక్కువ కాదు. కాని ఆ వానలో హెచ్చుభాగము జూను మొదలు సెప్టెంబరు వఱకు గల నాలుగు నెలలలోనే, అందును కొలదిదినములలోనే కురిసిపోవును. తక్కిన యెనిమిది నెలలు ఎండయే. ఇట్టి సీమను అర్ధశుష్క ప్రదేశమందురు. ఇచటి గుట్టలపై మట్టి పలుచనగుటకు మొదటి కారణము రాయి, రెండవది వాలు, మూడవది ఈ వాన తీరు.

మొదట రాయిని గూర్చి చెప్పెదను. ఉమ్మడి మెదకు జిల్లాలో పడమట జహీరాబాదు, నారాయణఖేడు వైపున నల్లని అగ్నిశిల పఱచుకొనియున్నది. అది చివికి నల్లరేగడి యైనది. తూప్రాన్ వైపు నున్నది వేఱు. ఇది సుమారు 250 కోట్ల సంవత్సరముల వయసు గల నల్లసేనపు రాయి, అనగా గ్రానైటు. మెదకు కోట నిలిచిన గుట్టయు ఈ జాతి రాయియే. ఈ రాతిలో ముఖ్యముగా మూడు ద్రవ్యములు గలవు: పలుగురాయి, ఫెల్డుస్పారు, అభ్రకము. పగటి యెండకు రాతిపైభాగము వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించి, కాలక్రమమున ఉల్లిపొరలవలె పొరలు విడును. పగుళ్ళలోనికి నీరు చొచ్చును. చెట్టువేరు చొచ్చి దానిని వెడల్పు చేయును. నీటి రసాయనక్రియచే ఫెల్డుస్పారు మెత్తబడి బంకమట్టి యగును. పలుగురాయి చెక్కుచెదరక ఇసుకగా మిగులును. రాతిలోని ఇనుము గాలి సోకి త్రుప్పువంటిదై మట్టికి ఎఱ్ఱరంగు నిచ్చును. ఎఱ్ఱచల్క పుట్టుక ఇదియే. అయితే ఇది మిక్కిలి నెమ్మదిగా జరుగు పని. గట్టిరాతినుండి ఒక్క అంగుళము మట్టి యేర్పడుటకు అనేక శతాబ్దములు పట్టును. మన తాతముత్తాతల నాటినుండి నేటివఱకు పుట్టిన మట్టిని కొలిచినచో గోటి మందమైనను ఉండదు.

ఇక వాలు. గుట్ట తలపై బండ, దాని క్రింద రాళ్ళతో కూడిన పలుచని గరప, ఇంకను దిగువ చల్క, అడుగున చెఱువు, దాని క్రింద లోతైన వరినేల, కొన్నిచోట్ల చౌడు. ఏ ఊరిలో చూచినను వరుస ఇదియే. పైన పుట్టిన మట్టిలో సన్ననిది క్రిందికి జాఱిపోవును, ముదుక మాత్రము పైన మిగులును. 1935 లో తూర్పు ఆఫ్రికాలో నేలలను పరిశీలించిన మిల్ను అను శాస్త్రజ్ఞుడు ఈ వరుసకు గొలుసు అను అర్థము గల పేరు పెట్టెను. పేరు తగియున్నది. గొలుసులో ఒక కొన లాగిన రెండవ కొన కదలకమానదు గదా!

నేలశాస్త్రమున ఇట్టి నేలలకు ప్రత్యేకమైన తరగతి గలదు. పైనుండి 25 సెంటీమీటర్లలోపల గట్టిరాయి తగిలిన నేల యిందు చేరును. ప్రపంచమున దీనికంటె విరివిగా వ్యాపించిన నేలజాతి మఱియొకటి లేదు. సుమారు 165 కోట్ల హెక్టార్లు గలదని ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ లెక్క. పర్వతములపైనను, ఎడారుల రాతిపట్లయందును ఇదియే. కావున మన గుట్టవాలు ఒక వింత కాదు. లోకమున కోట్లకొలది జనులు ఇట్టి నేలను ఆశ్రయించియే జీవించుచున్నారు.

మన పెద్దలకు సెంటీమీటరు అక్కఱలేదు. జాన యనగా సుమారు 23 సెంటీమీటర్లు. మూర యనగా సుమారు 45. శాస్త్రజ్ఞులు మిక్కిలి పలుచని నేలకు 25 సెంటీమీటర్లను, పలుచని నేలకు 50 సెంటీమీటర్లను హద్దుగా పెట్టిరి. అనగా ఇంచుమించుగా జానయు మూరయునే. ఈ రెండు కొలతలు జ్ఞాపకముంచుకొనినచో తక్కిన సంగతి సులభముగా తెలియును.

జానెడు మట్టి ఎంత నీరు పట్టునో లెక్కింతము. ఇసుకపాలు గల మట్టి ప్రతి సెంటీమీటరు లోతునకు సుమారు ఒక మిల్లీమీటరు నీటిని పైరునకు ఉపయోగపడునట్లు నిలుపును. గుట్టవాలు మట్టిలో సగము గులకరాళ్ళే యని తలచినచో 23 సెంటీమీటర్ల లోతున 12 మిల్లీమీటర్లకంటె హెచ్చు నిలువదు. ఏపుగా నున్న పైరు దినమునకు 4 లేక 5 మిల్లీమీటర్ల నీరు త్రాగును. కావున వాన వెలిసిన మూడవనాటికే పైరు వాడును. మీటరు లోతు గల నల్లరేగడియో, 150 మిల్లీమీటర్లకు తగ్గక నీరు నిలిపి నెలదినములు పైరును కాపాడును. ఒకే వాన, ఒకే ఊరు, ఒకే రైతు. అయినను గుట్టవాలున పత్తియో మక్కయో వేసినవాడు నష్టపోవుటకును, పల్లమున వేసినవాడు గట్టెక్కుటకును కారణము తెలివిలో లేదు, మట్టి లోతులో నున్నది.

ఇప్పుడు వానను ఎకరము లెక్కకు తెత్తము. ఎకరము నేలపై ఒక మిల్లీమీటరు వాన యనగా సుమారు 4 వేల లీటర్ల నీరు. ఒక పెద్దవాన 50 మిల్లీమీటర్లు కురిసినచో రెండు లక్షల లీటర్లు. అందు జానెడు మట్టి పట్టునది 50 వేల లీటర్లు మాత్రమే. కొంత రాతిపగుళ్ళలోనికి ఇంకును. మిగిలినది పరుగెత్తవలసినదే. పరుగెత్తునీరు వట్టిచేతులతో పోదు. నీటి వేగము రెండింతలైన దాని తాకిడిబలము నాలుగింతలగును. నీరు పరుగెత్తుటకు ముందే చినుకు తన పని చేయును. పెద్ద చినుకు సెకండునకు సుమారు 9 మీటర్ల వేగముతో నేలను కొట్టును. గడ్డిగాని, ఆకుగాని, రాయిగాని అడ్డములేని చోట ఆ దెబ్బకు మట్టి చిట్లి, సన్ననిపాలు నీటిలో కలిసి, నేలరంధ్రములను మూసివేయును. అందుచే ఇంకవలసిన నీరును ఇంకదు.

మన దేశమున సగటున హెక్టారునకు ఏటేట 16.4 టన్నుల మట్టి కొట్టుకొనిపోవుచున్నదని ధ్రువనారాయణ, రాంబాబు అను నేలశాస్త్రజ్ఞులు 1983 లో గణించిరి. అది ఎకరమునకు ఆఱు టన్నుల పైమాట. మందమున ఒక మిల్లీమీటరు. దున్నిన గుట్టవాలున ఇంతకు పలురెట్లు పోవచ్చును. ఏటికి 5 మిల్లీమీటర్లు పోయినదనుకొనుడు. జానెడు మట్టి 50 ఏండ్లలోపల హరించును. తండ్రి దున్నిన నేల కొడుకు ముసలివాడగు నాటికి బండయై మిగులును. బండను దున్నగల నాగలి లేదు.

పోయిన మట్టి ఎచటికి పోయినది? పెద్ద యుదాహరణము మంజీరపైననే గలదు. నిజాంసాగరము 1931 లో పూర్తియైనప్పుడు అందు 29 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టుచుండెను. పై పరీవాహక ప్రదేశమునుండి వచ్చిన పూడికచే, సుమారు నాలుగు దశాబ్దములలో, ఆ శక్తి సగముకంటె తక్కువకు దిగజాఱెను. అంతటి సాగరమునకే అట్టి గతి పట్టినప్పుడు ఊరికుంట మాట చెప్పనేల? 2015 లో తెలంగాణ ప్రభుత్వము మిషను కాకతీయ పేర 46 వేల పైచిలుకు చెఱువులను బాగుచేయ తలపెట్టి పూడిక తీయించినది. అది మంచి పనియే. కాని పైనున్న గుట్ట బోసిగా నున్నంతకాలము తీసినచోటికే పూడిక మరల వచ్చును. చెఱువు మరమ్మతు చెఱువుకట్టవద్ద కాదు, గుట్ట తలవద్ద మొదలుపెట్టవలెను.

ఇచట ఒక న్యాయవిషయము చెప్పక తీఱదు. గుట్టవాలు నేల ఎవ్వరి చేతిలో నున్నది? మంచినేల పూర్వమే పంచబడినది. తరువాత భూమి పొందిన పేదలకు తఱచుగా దక్కినది రాళ్ళభూమియే. 1951 ఏప్రిల్ 18 న పోచంపల్లిలో భూదానము మొదలైన తరువాత దానముగా వచ్చిన భూములలోను చాలభాగము సాగునకు పనికిరానివని తేలినది. కావున గుట్టవాలు దున్నువానిని చూచి “వీడు మట్టి చెఱచుచున్నాడు” అనుట ధర్మము కాదు. వాని యింట పొయ్యి వెలుగవలెను గదా! మఱియొకటి: వాడు తన వాలున కట్టిన కట్టవలన మొదట లాభము పొందునది దిగువనున్న చెఱువు ఆయకట్టు రైతు. కావున ఆ కట్టకు కావలసిన కూలియు రాయియు దిగువవారును భరించుట న్యాయము. ఈ మాట సభలో చెప్పగలవారు గ్రామపెద్దలే.

చేయవలసిన పనులను వరుసగా చెప్పెదను. మొదటిది కొలత. వానలు పడి నేల మెత్తబడినప్పుడు గడ్డపారతో వాలున ఐదాఱు చోట్ల గుంత త్రవ్వి లోతు చూడుడు. జానెడులోపల గట్టిరాయి తగిలినచో అచట నాగలి పెట్టరాదు. అది గడ్డికిని చెట్టునకును చెల్లును. జానకు హెచ్చై మూరకు తక్కువైనచో వాలునకు అడ్డముగా గట్లు వేసి, ఉలవలు, సజ్జ, కొఱ్ఱ, ఆముదము వంటి ఓర్పు గల పైరులు వేయవచ్చును. మూర దాటినచో చల్కపైరులన్నియు, తగిన గట్లతో, సాగును. భూములను ఎనిమిది తరగతులుగ విభజించి, మొదటి నాలుగింటినే సాగునకు విడిచి, తక్కిన నాలుగింటిని గడ్డికిని అడవికిని ఉంచవలెనని నేలశాస్త్రమును చెప్పుచున్నది.

రెండవది సమమట్టపు రేఖ. నీటిని ఆపు కట్ట ఏ కొంచెము వంకరగా నున్నను నీరు పల్లపు కొనవద్ద చేరి తెంచివేయును. మట్టము చూచుటకు యంత్రమక్కఱలేదు. రెండు సమానమైన కఱ్ఱలను పైకొనల కలిపి కట్టి, నడుమ అడ్డకఱ్ఱ బిగించి, పైనుండి దారముతో ఒక రాయి వ్రేలాడదీయుడు. రెండు కాళ్ళను నేలపై మోపి, దారము అడ్డకఱ్ఱను తాకినచోట గీత పెట్టుడు. కాళ్ళను తారుమారు చేసి, మొదటి కాలు మోపినచోటనే రెండవది మోపి, మరల గీత పెట్టుడు. రెండు గీతల సరినడుమ మూడవ గీత పెట్టినచో అదియే మట్టపు గుఱుతు. దారము ఆ గుఱుతుపై నిలుచునట్లు ఒక్కొక్క కాలే త్రిప్పుకొనుచు గుట్టవాలు వెంట నడచినచో సమమట్టపు రేఖ తానే యేర్పడును.

మూడవది కందకము. మట్టి జానెడే యైనను దాని క్రింద మెత్తని మొరము ఉన్నచోట, ఈ రేఖ వెంట రెండు మీటర్ల పొడవు, అరమీటరు వెడల్పు, అరమీటరు లోతు గల కందకములను ఎడమెడముగా త్రవ్వవలెను. పై వరుసలోని ఖాళీకి ఎదురుగా క్రింది వరుస కందకము రావలెను. ఒక్కొక్కటి 500 లీటర్లు పట్టును. ఎకరమునకు 100 త్రవ్వినచో 50 వేల లీటర్లు. అనగా జానెడు మట్టి ఎంత నీరు పట్టునో అంత నీరు కందకములు మరల పట్టును. ఒక వానకు నిండి, ఇంకి, మఱుసటి వానకు సిద్ధముగా నుండును. త్రవ్విన మట్టిని పల్లపువైపున గట్టుగా పోసి దానిపై గింజలు నాటవలెను. 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద ఇట్టి కందకములు అనేక గ్రామములలో త్రవ్వబడినవి. ఏటేట పూడిక తీసినచోట అవి పనిచేసినవి. తీయనిచోట రెండుమూడేండ్లలో పూడిపోయినవి.

నాలుగవది రాతివరుస. గట్టిబండపై గడ్డపార దిగనిచోట రాళ్ళనే సమమట్టముగా జానెడు ఎత్తున పేర్చవలెను. అడుగురాయిని బెత్తెడు లోతున పాతి, పెద్దవానిని క్రిందను చిన్నవానిని సందులందును అమర్చినచో నీరు మెల్లగా వడగట్టుకొని పోవును, మట్టి వెనుక నిలుచును. వాగుపాయలు చీలినచోట పెద్దరాళ్ళ అడ్డుకట్టలు వేయవలెను; అవియు పైనుండి మొదలుపెట్టి క్రిందికి రావలెను. రైతులు చేనిలోని రాళ్ళనన్నిటిని ఏఱివేయుట మేలని తలంతురు. మట్టిలోపలి రాయి మట్టి చోటు నాక్రమించుట నిజమే. కాని నేలపై పఱచుకొనిన చిన్నరాయి చినుకుదెబ్బను తాను కాచుకొని, ఎండకు తేమ ఆవిరి కాకుండ కప్పియుంచును. కావున నాగలికి అడ్డువచ్చు పెద్దరాళ్ళను మాత్రము తీసి వరుసకు వాడి, చిన్నవానిని విడిచిపెట్టుడు.

ఐదవది పచ్చదనము. పైరు వాడిన మూడవనాడు గుట్టపై తంగేడు పచ్చగా నుండుటకు కారణ మేమి? దాని వేరు మట్టితో తృప్తిపడక రాతిపగులులోనికి దిగి అచటి తేమను త్రాగును. సీతాఫలము, రేగు, మోదుగ, తునికి, వేప, రేల, ఇవన్నియు ఈ గుణము గలవి. పాలమూరు జిల్లాలోని బాలానగరు సీతాఫలము అట్టి నేలలనుండియే పేరు గడించినది. ఎక్కడినుండియో తెచ్చిన మొక్కలకంటె, గుట్టపై దానంతట అదే మొలచిన మొక్కను కాపాడుట చవుక, నిశ్చయము. మోడు నుండి వచ్చు చిగురును మేక నోటినుండి రెండేండ్లు కాచిన చాలును.

మేక యనగానే గొల్లకురుమల మాట వచ్చును. కంచెను మూసివేసినచో వారి మందలు ఎచటికి పోవలెను? బంచరాయిని మూడు పాళ్ళుగా చేసి, ఏడాదికొక పాలును మూసి, తక్కిన రెండింటిలో మేపుట ఒక ఉపాయము. మూసిన పాలులోని గడ్డిని కోసి తీసికొనిపోవుటకు మందల వారికే మొదటి హక్కు ఈయవలెను. వారిని పిలువక చేసిన కట్టుబాటు ఒక్క వేసవియైనను నిలువదు.

ఇది సాధ్యమా యని సందేహించువారికి రెండు దృష్టాంతములు. మహారాష్ట్రమున అహ్మదునగరము జిల్లాలో, ఇప్పుడు అహిల్యానగరమని పేరు మాఱిన సీమలో, హివరేబజారు అను గ్రామము గలదు. అచట మనకు వచ్చు వానలో సగమే కురియును. 1989 లో పోపట్‌రావు పవారు సర్పంచియైన తరువాత ఊరివారు గుట్టలపై కందకములు త్రవ్విరి; చెట్టు నఱకుటను, మందలను విచ్చలవిడిగా మేపుటను మానిరి; ఏటేట ఊరి నీటిని లెక్కించి, దానికి తగిన పైరులనే వేయుదురు. ఎండిన బావులలో నీరు నిలిచినది. వలసపోయిన కుటుంబములు కొన్ని తిరిగివచ్చినవి. రెండవది ఆఫ్రికాలోని బుర్కినాఫాసో దేశపు యతెంగా సీమ. అచటి రైతులు 1980 ప్రాంతమున సమమట్టపు రాతివరుసలు పేర్చియు, ఎండకాలముననే జానెడు గుంతలు త్రవ్వి అందు పెంటయెరువు వేసి వాననాడు సజ్జ జొన్నలు విత్తియు, బండబాఱిన నేలను తిరిగి సాగులోనికి తెచ్చిరి. అందు ప్రసిద్ధుడైన యకూబా సవడోగోకు 2018 లో అంతర్జాతీయ పురస్కారము లభించినది. ఈ రెండుచోట్లను ముఖ్యమైన పెట్టుబడి రాయి, గడ్డపార, ఊరి కట్టుబాటు.

ఇక మొరము విషయము. రాజమార్గము వెంట కర్మాగారములును ఇండ్లస్థలములును పెరుగుచుండగా గుట్టలనుండి మొరమును కంకరను త్రవ్వుట పెరిగినది. దారికి మొరము కావలెను, కాదనలేము. కాని మొరమనగా వట్టి రాతిపొడి కాదు. వాననీరు బావికి దిగు జల్లెడ. మన రాతిసీమలో కురిసిన వానలో భూగర్భమునకు చేరునది సుమారు పదింట ఒకవంతు మాత్రమే. ఆ జల్లెడను ఎత్తివేసినచో ఆ యొక్కవంతును చేరదు. ఏ గుట్టను త్రవ్వనీయవలెను, దేనిని త్రవ్వనీయరాదు అను ప్రశ్న గ్రామసభ ముందుకు వచ్చినప్పుడు, ఆ గుట్ట నీరు ఏ చెఱువునకు పాఱుచున్నదో మొదట విచారింపుడు. ఒక లారీ మొరమునకు వచ్చిన సొమ్ము ఒకనాటిది. అది యున్నచోట నిలిచియున్న ఇంకునీరు తరతరములది.

పెద్దలారా! జాఱిపోయిన మట్టిని గుట్టమీదికి మోసికొనిపోవుట ఎవ్వరికిని సాధ్యము కాదు. చెఱువు పూడికను చల్కలకు తోలుకొనవచ్చును, తోలుకొనుటయు మంచిదే. కాని గట్టు లేని వాలున పోసిన పూడిక మొదటి వానకే తిరిగి చెఱువు చేరును. ఉన్న జానెడు మట్టిని ఉన్నచోట నిలుపుటయే మనచేతిలో నున్నది. ఈ వానకాలము రాకమునుపే నలుగురు కలిసి, గడ్డపార చేతబట్టి, ఊరిగుట్ట నెక్కి మట్టి లోతు కొలిచి చూడుడు. కొలిచిన లెక్కను గ్రామసభలో చదివి, ఏ పాలు నాగలికి, ఏ పాలు గడ్డికి, ఏ పాలు మందకు అని నిర్ణయించుకొనుడు. సెలవు.